దుప్పులు ముట్టని కంచె

దుప్పి అందంగా ఉంటుందని చెప్పేవాళ్ళెవరూ చిక్కుడు పాదు పెట్టి ఉండరు. నేనూ ఒకప్పుడు చెప్పినదాన్నే. మొదటిసారి ఓ తెల్లవారుజామున అది మా పెరటి చివర, ఒంటినిండా చుక్కలతో, చెవులు మా వంటింటి వైపు తిప్పి నిలబడితే, చేతిలో పాలగిన్నె అలాగే పట్టుకుని "ఏవండీ, బేగి రండి, ఇలా చూడండి" అని మావారిని కేకేశాను. ఆయన లుంగీ సర్దుకుంటూ వచ్చేసరికి దుప్పి లేదు. చిక్కుడు పాదూ లేదు.

మాది నర్సీపట్నంలో ఊరయిపోయే చోటు. మా పెరడు దాటితే ఒక బీడు, బీడు దాటితే కొండ. పక్కపక్కన రెండిళ్ళు. ఒకటి మాది, రెండోది మా బావగారిది, అంటే మావారి అన్నగారిది. రెండిళ్ళ వెనకా కలిపి నలభై సెంట్ల పెరడు, మధ్యలో గోడ లేదు. మా బావగారు కరెంటు లైన్‌మన్‌గా చేసి రిటైరయ్యారు. ఉద్యోగమంతా స్తంభాల మీదే గడిపిన మనిషి, కిందకి దిగిన మర్నాడే గునపం పట్టారు. బెండ, వంగ, బొబ్బర్లు, చిలగడదుంప, పందిరి చిక్కుడు, అన్నీ ఆయన చేతివే. రెండిళ్ళూ తినేది అవే. కాబట్టి పెరటి విషయంలో నాకు మాట్లాడే హక్కు లేదని ఆయన అభిప్రాయం. హక్కు లేకపోతే నోరు మూసుకోవాలని నాకెవరూ నేర్పలేదు.

ఆ వేసవిలో కొండ మీద ఊటలు ఎండిపోయాయి. దుప్పులు ఒకటొకటిగా కాక మందగా దిగడం మొదలుపెట్టాయి. బావగారు పాత చీరలు కట్టారు. రేకు డబ్బాలు వేలాడదీశారు. దిష్టిబొమ్మకి తన ఖాకీ చొక్కా తొడిగి, నెత్తిన హెల్మెట్ కూడా పెట్టారు. ఆ బొమ్మ కాళ్ళ దగ్గరే, చల్లగా ఉందనుకున్నాయో ఏమో, గడ్డి నలిగి ఉంది, పెంటికలు పడి ఉన్నాయి. చిలగడదుంప తీగ మొదలంటా లేదు.

ఆ ఉదయం ఆయన మా వంటింటి గుమ్మం దగ్గరకొచ్చి నిలబడ్డారు.

"కరెంటు ఎట్టెస్తానమ్మా. ఇంక నా వల్ల కాదు."

"ఎక్కడండీ?"

"సుట్టూరా. ఒక్క వైరు, మోకాలెత్తుని."

"బావగారూ, అది నేరం."

"నేరమేటి? నా పెరడు, నా మోటారు కరెంటు."

"పెరడు మనదండీ. దారి మనది కాదు."

ఆ దారి సంగతి చెప్పాలి. పెరటి ఉత్తరపు గట్టు పక్కనుంచి, ఒక మనిషి మాత్రమే నడవగలిగిన కాలిబాట ఒకటి కొండ మీంచి దిగి మా వీధి రోడ్డులో కలుస్తుంది. దాని మీద వారానికి మూడుసార్లు, ఇంకా మసక ఉండగానే, ఒకామె కొండ మీంచి సంతకి వస్తుంది. అడ్డాకుల కట్టలు, కొండచీపుళ్ళు, ఆయా కాలాల్లో పనసకాయలు, అనాసకాయలు. మా అత్తగారు ఉన్నప్పుడు ఈమె తల్లి దగ్గర ఆకులు కొనేవారట. అంటే మా ఇళ్ళకి పునాది పడకముందే ఆ బాట ఉంది. తల మీద అంత బరువున్న మనిషి మెడ వంచదు, కింద చూడదు. దారి పాదమే చూసుకుంటుంది. వానకి గట్టు జారితే చెయ్యి ఎటు దొరికితే అటు చాపుతుంది. ఆ చెయ్యి చాపే వైపే, జానెడు దూరంలో, మోకాలెత్తున, మా బావగారు కడతానంటున్న వైరు.

"ఆవిడికి సెప్తే సరి, రోడ్డంట రమ్మని" అన్నారాయన.

చెప్పాను కూడా. "రోడ్డు సుట్టు కదా పంతులమ్మా, ఎండెక్కిపోద్ది" అంది. అన్నా తలూపింది. మర్నాడు మళ్ళీ అదే దారి. అరికాళ్ళకి ఒక బాట అలవాటయ్యాక తలకాయ మాట చెల్లదు. వైరు సంగతి మాత్రం నేను ఆమెకి చెప్పలేదు. మా ఇంట్లో మనిషి నీ దారి పక్కన కరెంటు పెడతానంటున్నాడని ఏ మొహం పెట్టుకుని చెప్పను? ఇప్పుడాలోచిస్తే ఆ సిగ్గు కూడా ఒక వైరే.

మావారికి చెప్తే, "వదిలెయ్యవే, ఆయన అంటాడు గానీ పెట్టడు" అన్నారు. మా ఇంట్లో శాంతి అంతా ఈ ఒక్క వాక్యం మీద నిలబడి ఉంటుంది. "పెడితే?" అన్నాను. "సొంత అన్న మీద కంప్లైంటిస్తావేంటి?" అన్నారు. అంటే పెడతాడని ఆయనకీ తెలుసు.

అందుకని ఆ సాయంత్రం నేనే బావగారి అరుగు మీదకి వెళ్ళి కూర్చున్నాను.

"నాకు కొంచెం టైమివ్వండి. దుప్పి ముట్టని మొక్కలతో కంచె పెంచుతాను."

"మొక్కల్తోటి?" ఆయన నవ్వారు. "దుప్పికి మొక్కల్తోటి అడ్డం. పిల్లికి పాలకుండ కాపలా."

"అన్ని మొక్కలూ తినదండీ. బోటనీ చెప్పేదాన్ని, నాకు తెలీదా?"

"ఎగరదా?"

"అవతల ఏముందో కనపడకపోతే ఎగరదట."

"అట అంటే?"

"అంటే చదివాను."

"నువ్వు సదివినావు. దుప్పి సదివిందా?" అన్నారు. కాసేపు చుట్ట పీల్చి, "ఎన్నాళ్ళకి లేస్తాది నీ కంచె?" అన్నారు.

"చవితికి" అన్నాను. ఎందుకన్నానో తెలీదు. తొలకరి అప్పుడే పడింది, పెరిగేవి బేగి పెరుగుతాయి, చవితి దూరంగా కనపడింది.

"సరే. సవితి పూజయ్యాక సూస్తాను. దుప్పి దూరే సందుంటే వైరే. సందు నేదనుకో, ఆ వైరు నీకే ఇచ్చెస్తాను, బట్టలారేసుకో."

అలా నేను ఒక మనిషి ప్రాణాన్ని మొక్కల ఎత్తుకి కట్టాను. ప్రైవేటు జూనియర్ కాలేజీలో ఏళ్ళ తరబడి బోటనీ చెప్తున్నాను. మాకవరపాలెం నుంచీ రావికమతం నుంచీ బస్సెక్కి వచ్చే పిల్లలకి ఆకు అడ్డుకోత బోర్డు మీద కళ్ళు మూసుకుని గీయగలను. నా చేత్తో నాటిన మొక్క మాత్రం తులసికోటలో తులసి ఒక్కటే. అదీ మా అత్తగారు నాటిందే, నేను నీళ్ళు పోశాను.

మొదట ఫోన్ని నమ్మాను. దుప్పి ముట్టని మొక్కలు అని వెతికితే ఎక్కడెక్కడి దేశాలవో చెప్పుకొచ్చింది, నాకు అందులో తెలిసినది బంతి ఒక్కటే. ఘాటు వాసనకి దుప్పి దగ్గరకి రాదట. వరసగా బంతి నారు పోశాను. తర్వాత పాయకరావుపేట వెళ్ళే దారిలో ఒక నర్సరీకి వెళ్ళి, "త్వరగా పెరగాలి, గోడలా లేవాలి" అన్నాను. "మందారం తీసుకోండి మేడం, నాలుగు వానలకి మీ భుజం దాటుతుంది" అన్నాడతను. "దుప్పి తింటుందా?" అంటే "ఏ దుప్పి మేడం?" అన్నాడు. అక్కడే వెనక్కి వచ్చెయ్యాల్సింది. ఆటో నిండా మందారాలు వేసుకొచ్చాను.

అతను అబద్ధం చెప్పలేదు. నాలుగు వానలకి లేచింది. ఐదో వాననాడు కొనల నుంచి కిందకి, కత్తిరించినట్టు, మోడు మిగిలింది. బంతికి మొగ్గలు మాత్రం ఏరుకుని తిన్నాయి. దుప్పి నోటికి కూడా రుచి తెలుసని ఆ రోజు ఒప్పుకున్నాను. ఆ మధ్యాహ్నం బావగారు ఉత్తరపు గట్టు వెంట ఒక వెదురు గుంజ పాతారు. ఎందుకండీ అంటే "ఊరికే" అన్నారు.

మర్నాడు కొండ మీంచి ఆమె వచ్చింది. మందారం మోళ్ళు చూసి ఆగింది. తల మీద కట్ట దింపి గట్టు మీద పెట్టి, నడుం మీద చెయ్యేసుకుని చూసింది.

"ఇదేటి పంతులమ్మా, ఆటికి సద్దన్నం ఎట్టినావు?"

"తినవనుకున్నాను."

"మందారం తినవా?" పమిట నోటికి అడ్డం పెట్టుకుని నవ్వింది. "మా మేకలు తినంది సూసి ఎయ్యాల. ముక్కుకి కొట్టాల. నాలిక్కి సేదుండాల. మూతికి గరుకుండాల. నూగుండాల, లేపోతే పాలు కారాల. ఆటిని దుప్పి వాసన సూసి ఎల్లిపోద్ది."

"అప్పుడసలు ముట్టదా?"

"ఆకలి నేకపోతే ముట్టదు" అంది. కట్ట మళ్ళీ నెత్తికెత్తుకోవడానికి నా చెయ్యి సాయం తీసుకుంటూ, "ఆకలేసిన దుప్పికి సేదూ నేదు, తీపీ నేదు. మనిసికి మట్టుకు ఉన్నాదేటి?" అంది.

నేను చదివిన చదువులో ఈ రెండో మాట ఉంది, మొదటి మాట లేదు. ఏ మొక్కా పూర్తి భరోసా కాదని పుస్తకమూ చెప్తుంది. మా ఇంటి గట్టు మీద ఏ మొక్క నాటాలో చెప్పదు.

ఆ తర్వాతి సంతరోజున ఆమె అడ్డాకుల కట్టతో పాటు వావిలి కొమ్మలు నరుక్కొచ్చింది. చిటికెన వేలంత లావువి, మూరెడు పొడుగు. "తడి మన్నులో గుచ్చీ, అదే బతుకుద్ది" అంది. గుచ్చాను, బతికింది. నేనూ నా కాలేజీ దారిలో కనపడినవన్నీ తెచ్చాను. తూర్పు వైపు ఆముదం గింజలు నాటాను. దాన్ని మించిన పరుగు ఏ మొక్కకీ లేదు, వారానికోసారి కొత్త గొడుగు తెరుస్తుంది. దాని కింద ఖాళీలు పూడ్చడానికి అడ్డసరం, ముందు వరసలో నిమ్మగడ్డి. బాట వైపు, అంటే ప్రాణం మీదకొచ్చే ఉత్తరపు గట్టు వైపు, అన్నిటికన్నా గట్టివి కావాలి కదా. అక్కడ వావిలి, మధ్య మధ్య గన్నేరు, ఉమ్మెత్త, జిల్లేడు, కింద గుబురుగా మాచీపత్రి. వాసనుంది, చేదుంది, పాలున్నాయి, నూగుంది, విషం కూడా ఉంది. నాటిన ప్రతిసారీ సబ్బుతో చేతులు కడుక్కుని అన్నం ముట్టుకున్నాను. మావారు మాత్రం కంచం ముందు కూర్చుని "కడుక్కున్నావు కదూ?" అని రెండుసార్లు అడిగేవారు. ముప్పొద్దులా నా వంట తిని బతికున్న మనిషికి అప్పుడొచ్చింది అనుమానం.

ఆ వానాకాలం నేను నిద్రలేచి దేవుడికి దండం పెట్టలేదు. కాలేజీ నుంచి తెచ్చిన పొడుగు కర్ర స్కేలు పట్టుకుని గట్టు మీదకి వెళ్ళాను. వావిలి నా మోకాలికొచ్చింది. తర్వాత నడుముకి. బావగారు కూడా ఖాళీగా లేరు. నా మొక్క జానెడు లేస్తే ఆయన గుంజ ఒకటి లేచేది. కంచెకి లోపల వరసగా, సమాన దూరంలో, కరెంటు గుంజలోకి దిగకుండా పింగాణీ కప్పులు బిగించి. పనితనం తెలిసిన మనిషి, ఏ గుంజా ఇంచీ వంకర లేదు. ఉదయం నేను స్కేలుతో, ఆయన సుత్తితో ఎదురుపడేవాళ్ళం.

"ఎంతొచ్చిందమ్మా?"

"మీరే చూస్తున్నారుగా."

"ఇక్కడ పలచగుంది."

"నిండుతుంది లెండి. చవితి ఇంకా రాలేదు."

"రాదేటి? వస్తాది."

శ్రావణంలో ఒక పొద్దున్న వావిలి గుబురు ముందు మెత్తటి నేలలో గిట్టల గుర్తులు కనపడ్డాయి. కొమ్మ కొనని కొరికి, నాలుగు ఆకులు నమిలి కింద ఉమ్మేసి ఉంది. ఆ పచ్చటి ఉమ్మి ముద్దని నేను ఎంతసేపు చూశానో చెప్తే నవ్వుతారు. గిట్టలు అక్కడే తిరిగి కొండ వైపు వెళ్ళిపోయాయి. పెరట్లోకి ఒక్క అడుగు కూడా లేదు.

నోరున్న మనిషికి గెలుపు దాచుకోవడం రాదు. బావగారు కూడా ఉన్న మా కాలనీ వాట్సాప్ గ్రూపులో కంచె ఫోటోలు నాలుగు పెట్టి, కింద ఇలా రాశాను: "వావిలి, గన్నేరు, ఉమ్మెత్త, జిల్లేడు, మాచీపత్రి. వీటిని దుప్పి ముట్టదు. పెరడు కాపాడుకోవడానికి కరెంటు అక్కర్లేదు, కాస్త బుర్ర ఉంటే చాలు." బావగారు బొటనవేలు బొమ్మ ఒకటి పెట్టారు. మిగతావాళ్ళు వరసగా దండాలు పెట్టారు. ఇరవై దాకా దండాలు. నా తెలివికే అనుకున్నాను.

చవితి రోజు తెల్లవారుతూ ఉండగా గట్టు మీద మాటలు వినపడి మెలకువ వచ్చింది. పెరటి తలుపు తీసేసరికి బాట పొడుగునా మనుషులు. చేతుల్లో గుడ్డ సంచులు, ప్లాస్టిక్ కవర్లు. ఒకావిడ పీట వేసుకుని దాని మీద నిలబడి నా వావిలి కొమ్మని వంచుతోంది. ఇంకొకాయన, రోజూ వాకింగులో నన్ను "నమస్తే మేడం" అని పలకరించే పెద్దమనిషి, ఉమ్మెత్త మొక్కని వేరుతో సహా పీకి సంచిలో దూరుస్తున్నాడు.

"ఏమిటండీ ఇది!" అని అరిచాను.

పీట మీదావిడ వెనక్కి తిరిగి చల్లగా నవ్వింది. "పత్రి కోసమండీ. మీరు గ్రూపులో పెట్టారు కదా, ఎంత బాగా పెంచారో. బజార్లో ఎండిపోయిన ఆకులమ్ముతున్నారు."

"కంచె అండీ అది! కంచెని కోస్తున్నారు మీరు!"

"దేవుడికే కదండీ."

"దేవుడికి మీ పెరట్లోది కోసుకోండి."

"మా పెరట్లో ఎక్కడున్నాయండీ, అన్నీ క్రోటన్లే" అంది, నిజంగా బాధపడుతూ. మా కాలనీలో ఎవరింటి గోడ మీద ఏం పూస్తే అది తెల్లవారేసరికి అందరి దేవుళ్ళదీ అవుతుంది. ఆ సంగతి నాకు తెలుసు. నేనూ ఎదురింటి నందివర్ధనం కోసినదాన్నే.

ఉమ్మెత్త పెద్దమనిషి సంచి మూతి బిగించి, "పుణ్యం మీకే మేడం" అని వెళ్ళిపోయాడు.

నేను అక్కడే గట్టు మీద కూలబడ్డాను. వాళ్ళ మీద కోపం కన్నా నా బుర్ర మీద అసహ్యం వేసింది. ఏటా చవితి పూజలో పుస్తకం చదివేది మా రెండిళ్ళలో నేనే. సింధువార పత్రం అంటే వావిలి. కరవీర పత్రం అంటే గన్నేరు. అర్క పత్రం, దత్తూర పత్రం, మాచీ పత్రం. ఇరవై ఒక్క పేర్లూ చూడకుండా చెప్పగలను. అవే మొక్కలకి క్లాసులో లాటిన్ పేర్లు చెప్పి పిల్లల చేత రాయిస్తాను. వాటినే ఏరి ఏరి తెచ్చి, బాట వైపు వరసగా నాటి, చవితి నాటికి పెరగాలని నీళ్ళు పోసి, పేర్లతో సహా ఊరందరికీ చాటాను. దుప్పి ముట్టదా అని అడిగాను గానీ వినాయకుడు ముట్టడా అని అడగలేదు. తూర్పు వైపు ఆముదం చెక్కు చెదరలేదు. అడ్డసరం ఒక్క ఆకు కూడా పోలేదు. ఆ రెండూ ఆయన జాబితాలో లేవు.

పూజ బావగారింట్లో. పుస్తకం నా చేతిలో. పళ్ళెంలో పత్రి చూసి చదవడం ఆపేశాను. నవనవలాడే వావిలి, మూడు కొమ్మలు.

"అక్కా, ఇదెక్కడిది?" అన్నాను మా తోటికోడల్ని.

"మన కంచెదే కదే. అందరూ కోసుకుంటన్నారని నేనూ బేగి ఎల్లి కోసేను" అందావిడ అమాయకంగా.

బావగారు కళ్ళు మూసుకుని కూర్చున్నారు. కుడుములు తిన్నాక చెయ్యి కడుక్కుని, గట్టు ఆ చివర నుంచి ఈ చివరకి ఒకసారి నడిచొచ్చారు.

"సందుంది" అన్నారు.

"ఆ సందు మీ ఇంటి పళ్ళెంలో ఉంది బావగారూ. దుప్పి తినలేదు. దుప్పి ముట్టలేదు. నేను చెప్పింది నిజమయింది."

"తిన్నదెవులో నాకెందుకమ్మా? సందుందా, నేదా? మాటంటే మాట."

"బావగారూ..."

"బొబ్బర్లు పూతకొచ్చినాయి. ఇయ్యాల రేత్రి దిగుతాయి."

సాయంత్రం నాలుగింటికి షెడ్డులోంచి వైరు చుట్ట తీసుకొచ్చారు. మావారు ఇంట్లోకి వెళ్ళి టీవీ పెట్టుకున్నారు. బావగారు ఒక్కో గుంజ దగ్గరా వంగి, వైరు లాగి, పింగాణీ కప్పుకి రెండు చుట్లు చుట్టి, మెలి పెడుతున్నారు. నేను ఆయన వెనకే, ప్రతి గుంజ దగ్గరా నిలబడి వాదిస్తూనే ఉన్నాను. చట్టం చెప్పాను. ఆవులు చెప్పాను. గాలిపటాల కోసం గట్టెక్కే పిల్లల్ని చెప్పాను. రేపు పందిళ్ళలో భోజనాలున్నాయి కాబట్టి ఆమె పెద్ద అడ్డాకుల కట్టతో తప్పకుండా వస్తుందని చెప్పాను. "తెల్లారకుండానే తీసెస్తాను, ముప్పయ్యేళ్ళు కరెంటుతో కాపరం సేసినోణ్ణి, నాకు సెప్తావా?" అన్నారు. ఇంక నాలుగు గుంజలే మిగిలాయి.

నా దగ్గర ఒక మాట ఉంది. మూడు నెలలుగా ఉంది. దాన్ని వాడకూడదని పెట్టుకున్నాను.

లైను మీద పని చేసేవాళ్ళకి ఎల్సీ అని ఒకటుంటుంది. స్తంభం ఎక్కేముందు సబ్‌స్టేషన్ నుంచి తీసుకునే మాట అది: కరెంటు తీసేశాం, నువ్వెక్కు, నువ్వు దిగి మళ్ళీ చెప్పేదాకా ఇవ్వం అని. మా పెళ్ళయిన కొత్తలో బావగారు అరుగు మీద కూర్చుని ఒకసారి చెప్పారు. వాళ్ళ జట్టులో ఒక కుర్రాడు, కొత్త పెళ్ళికొడుకు, చిన్న పనే కదా అని ఎల్సీ రాకుండా ఎక్కాడు. కిందకి దించింది బావగారే. ఆ తర్వాత ఆ కథ ఆయన నోట నేను మళ్ళీ వినలేదు.

"బావగారూ, మీరు ఎల్సీ లేకుండా ఎప్పుడైనా స్తంభం ఎక్కారా?"

ఆయన చెయ్యి ఆగలేదు. "ఎవుడెక్కుతాడు?"

"మీ జట్టులో ఆ అబ్బాయి ఎక్కాడు కదండీ."

చెయ్యి ఆగింది.

"ఎల్సీ రాలేదని అతనికి తెలుసు. తెలిసీ ఎక్కాడు. ఈమెకి లైనుందనే తెలీదు. రేపు పొద్దున్న ఆమెకి ఎల్సీ ఎవరిస్తారు?"

ఆయన నా వైపు చూశారు. ఆ మొహం నేను అంతకు ముందు చూడలేదు. కోపమైతే ఎదురు నిలబడి ఉండేదాన్ని. మాట బయటికొచ్చాక ఇంక చేసేదేముంది, అలాగే నిలబడ్డాను. ఆయన వంగి, మిగిలిన నాలుగు గుంజలూ చుట్టారు. ఆఖరి మెలి కటింగ్ ప్లేయర్‌తో బిగించారు. నన్ను దాటుకుని, మోటారు స్విచ్చున్న షెడ్డులోకి వెళ్ళారు. కాసేపటికి బయటికొచ్చి, ఇంట్లోకి వెళ్ళి తలుపేసుకున్నారు.

కరెంటున్న వైరుకీ లేని వైరుకీ చూడ్డానికి తేడా ఉండదు. ఈ సంగతి అందరికీ తెలుసు. కిటికీలోంచి చూస్తూ కూర్చుంటే ఆ తెలియడం వేరేగా ఉంటుంది.

కోడి కూతకి లేచాను. ఆ మాటకొస్తే పడుకున్నదెప్పుడు? మావారు టార్చి చేతికిచ్చారు. రోడ్డు మీంచి చుట్టూ తిరిగి, బాట మొదలుకి వెళ్ళి నిలబడదామని, ఆమె దిగంగానే వెనక్కి తిప్పుదామని బయల్దేరాను. గట్టు మలుపు దగ్గర టార్చి వెలుగులో ఎవరో కూర్చుని కనపడ్డారు. బోర్లించిన బకెట్ మీద, చేతులకి పాత రబ్బరు గ్లోవ్స్ తొడుక్కుని, మా బావగారు.

"అక్కడే ఆగు" అన్నారు.

ఆగిపోయాను. చీర కుచ్చిళ్ళు రెండు చేతుల్తో దగ్గరకి లాక్కున్నాను.

"రా. నేదు. తీసెసేను."

"రాత్రి ఇచ్చారా?"

"ఇచ్చేను. పది నిముసాలుంచేను" అన్నారు. "ఎల్లి పడుకున్నాను. ఆడు కళ్ళ ముందుకొచ్చేడు. లేసొచ్చి తీసెసేను. తీసేనా నేదా అని మళ్ళీ లేసి సూసుకున్నాను. మళ్ళీ సూసుకున్నాను. ఇంకెందుకని ఇక్కడే కూకున్నాను."

నేను గట్టు మీద ఆయనకి కొంచెం దూరంగా కూర్చున్నాను. బొబ్బర్ల మడిలో కరకర శబ్దం. రెండో మూడో దుప్పులు, వావిలి ఉన్న చోటునుంచే లోపలికెళ్ళి, తాపీగా పూత తింటున్నాయి. ఆయన విన్నారు. లేవలేదు.

కాసేపటికి కొండ వైపునుంచి ఆమె వచ్చింది. తల మీద ఎప్పటికన్నా పెద్ద కట్ట, ముందు పాదం, వెనక పాదం. బావగారు లేచి, వైరుకీ బాటకీ మధ్యన నిలబడ్డారు. గ్లోవ్ తీసేసి, వట్టి చేత్తో వైరు పట్టుకుని. ఆమె ఆయన్ని దాటేటప్పుడు కట్ట ఆయన భుజానికి రాసుకుంది.

"ఇదేటి బాబూ, ఇద్దరూ ఇక్కడ కూకున్నారు?" అంది ఆగి. అప్పటికి వెలుగొచ్చింది. బోడిగా ఉన్న గట్టు చూసి, "అయ్యో, దుప్పులు తినేసినాయేటి?"

"కాదు. వినాయకుడు తినేశాడు" అన్నాను.

ఆమెకి అర్థం కావడానికి ఒక క్షణం పట్టింది. కట్ట ఊగేలా నవ్వింది. "ఆ సామికి మా మేక కన్నా పెద్ద పొట్ట కదా, సేదూ తింటాడు. పోనీ పంతులమ్మా, వావిలి కోస్తే దుబ్బవుద్ది. ఒక కొమ్మ కోస్తే నాలుగేస్తాది." తర్వాత గుంజల వైపు కళ్ళు తిప్పింది. "ఈ వైరేటి బాబూ?"

బావగారు ఆ వైరు వదల్లేదు. "సిక్కుడు పాకించడానికి" అన్నారు.

ఆమె తలూపి వెళ్ళిపోయింది. నమ్మిందో లేదో నాకు తెలీదు. ఆమె రోడ్డెక్కేదాకా చూసి, ఆయన మొదటి గుంజ దగ్గరకెళ్ళి మెలి విప్పడం మొదలుపెట్టారు. నేను రెండో చివర పట్టుకున్నాను. ఇద్దరం కలిసి చుట్ట చుట్టాం.

ఆమె చెప్పినట్టే వావిలి దుబ్బు కట్టింది. కొన తుంచితే పక్క మొగ్గలు లేస్తాయని ఏటా బోర్డు మీద బొమ్మ వేసి చెప్పే పాఠమే అది. అయినా కార్తీకంలో ఒక రాత్రి, కొండ మీద గడ్డి ఎర్రబడ్డాక, దుప్పులు నిమ్మగడ్డి తొక్కుకుని వచ్చి చిలగడదుంప సగం తిన్నాయి. వచ్చే చవితికి కాపలా ఎవరుండాలో ఇంకా తేలలేదు. కాలనీ గ్రూపులో అప్పుడే ఎవరో "మేడం, ఈసారి మరువం కూడా వెయ్యండి" అని రాశారు.

బావగారు నాతో మాట్లాడతారు. కూరలిస్తారు. ఆ కుర్రాడి మాట నేనూ ఎత్తను, ఆయనా ఎత్తరు. వైరు చుట్ట నాకివ్వలేదు. సందుంది కాబట్టి ఇవ్వనవసరం లేదు, మాటంటే మాట. అది షెడ్డులో మేకుకి వేలాడుతూ ఉంది. దుప్పులు దిగిన ప్రతి పొద్దున్నా, ఏం తిన్నాయో చూడ్డానికి ముందు, పార కోసమన్నట్టు షెడ్డులోకి వెళ్ళి ఆ మేకు వైపు చూసి వస్తాను.